ఏటికి అవతల గంట ముందు

మే నెలాఖరు. టోర్నె ఏటిలో మంచు పలకలు
ఇంకా ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి.
రెండు మ్యూజియంలకు లెక్క రాసి రమ్మని
దక్షిణాన ఉన్న ఆఫీసు నన్ను పంపింది.
ఇవతల స్వీడన్‌లో ఒకటి, మూతపడ్డ బడి.
అవతల ఫిన్లాండ్‌లో ఒకటి, సుంకాలు వసూలు చేసిన గది.
మధ్యన వంతెన. వంతెన నడుమ గీత.
గీత దాటితే గడియారంలో ఓ గంట గల్లంతు.

బడి తాళంచెవి కిరాణా కొట్లో, ఉప్పుచేపల పీపా పైన
మేకుకు వేలాడుతుంది.
సిగ్నె చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని వచ్చి తలుపు తీసింది.
బయటికన్నా లోపలే చలి.
రాసుకున్నాను:
వెన్న చిలికే పీపా, ఒకటి.
సాల్మన్ వల, ఎలుకలు కొరికినది, ఒకటి.
రాజుగారి పటం, అద్దం పగిలింది.
అగ్గిపెట్టెలో పన్ను. ఎవరిదో తెలియదు.

"ఈ బల్ల రాసుకున్నావా?" అంది సిగ్నె.
"ఇంటి మాట బళ్ళో మాట్లాడితే చెవి మెలిపెట్టేవాళ్ళు.
బయటికి వెళ్ళాలని అడగడానికి
పంతులమ్మ భాషలో మాట రాలేదు నాకు.
తడిపేసుకున్నాను. ఇదే, ఈ చివర."
నవ్వుతూనే చెప్పింది.
నా పుస్తకంలో వివరాల గడి
రెండు వేళ్ళ వెడల్పు.
బల్ల, ఒకటి, అని రాశాను.

కిటికీ పక్కన ఉన్ని చేతితొడుగు, ఒంటిది.
ఎరుపు మీద నలుపు గళ్ళు,
బొటనవేలి దగ్గర బూడిదరంగు దారంతో మాటు.
"యుద్ధంలో రాత్రిపూట పడవలో
కాఫీ గింజలు దాటించినవాడిదంటారు.
అనేవాళ్ళూ పోయారనుకో."
ఫోటో తీసుకున్నాను.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారని సామెత.
ఈ ఊళ్ళలో అది చెల్లదు,
పాలకో పెళ్ళికో పొద్దుగూకేలోపు మళ్ళీ దాటాల్సిందే.

రెండున్నరకు బయల్దేరి
మూడు ముప్పై అయిదుకు చేరాను, అయిదు నిమిషాల నడక.
తౌనో అప్పటికే తాళం వేస్తున్నాడు.
"అవతలివాళ్ళు ఎప్పుడూ ఇంతే, గంట ఆలస్యం" అని గొణిగి
మళ్ళీ తీశాడు.
అదే పీపా. అదే వల, ఇక్కడి ఎలుకలు కొరికినది.
రాజు ఉండాల్సిన చోట ఉత్త మేకు.
బల్ల అడుగున, అద్దాల పెట్టెలో,
ఎరుపు మీద నలుపు గళ్ళు,
బొటనవేలి దగ్గర బూడిద దారం.

గొంతు తడారింది. ఫోను తీసి చూపించాను.
"జత! ఎనభై ఏళ్ళకి జత దొరికింది!"
తౌనో కళ్ళజోడు వెతుక్కున్నాడు.
ఫోటో చూశాడు, పెట్టె చూశాడు,
తన చెయ్యి అద్దం మీద బోర్లించి చూశాడు.
"రెండూ ఎడమవే, అమ్మాయ్."

కాఫీ పోస్తూ అన్నాడు:
"తెడ్డు పట్టేది కుడి చెయ్యి, గొడ్డలీ అదే,
గుర్రం పగ్గమూ అదే. కుడివి అరిగి చస్తాయి.
మ్యూజియాలకు మిగిలేవి ఎడమవి.
ఇంతకీ సిగ్నె ఉప్పుచేపకి
ఇంకా అంత ధర లాగుతోందా?"

చేతితొడుగు, ఎడమ, ఒకటి.
రెండు పుస్తకాల్లోనూ అలాగే రాశాను.
రాసిన కుడి చెయ్యి కొంకర్లు పోయి
జేబులోంచి రానంది.

తిరిగొస్తుంటే వంతెన మీద
పోయిన గంట పోయినట్టే చేతికొచ్చింది.
ఏం చేసుకోవాలో తెలియక కొట్లోకి వెళ్ళాను.
ఎవరికో చిల్లర లెక్కపెడుతోంది సిగ్నె.
"ఆ మాట ఏమిటి? అప్పుడు నీకు రానిది?"
తలెత్తకుండా, నాణేల మధ్యన,
గట్టిగా, తప్పులేకుండా పలికింది.

రెండేళ్ళ వయసులో
మా అమ్మ నాకు నేర్పిన మాట.